ఎర్రబడిన కట్టు

“ఆ కట్టు మీరు చూడలేదు. ఎర్రగా ఉందని ఫొటోలో చూశారంతే. అవునా?” అన్నాడు మార్టిన్.

“అవును.”

“మరి అది రక్తం కాదని ఎలా అంటున్నారు?”

డాక్టర్ సింధూర నూరిన ఆకు ముద్ద ఉన్న స్టీలు గిన్నె మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. ఆగిరిపల్లిలో ఆమె నడిపే ఆయుర్వేద క్లినిక్కులో బెంచీలన్నీ ఖాళీ. మంగళవారం నుంచీ ఇదే వరస. ఊళ్ళో అందరి ఫోన్లలోనూ ఒక ఫొటో తిరుగుతోంది మరి. ఎర్రటి కట్టు, దాని పక్కన నల్లబడిన అరికాలు, పైన ‘ఆకు పసరు డాక్టరమ్మ ఘనకార్యం’ అని ఒక ముక్క.

“కాదని నేననలేదు. నాకు అర్థం కావడం లేదన్నాను,” అంది సింధూర. “శనివారం మూర్తిగారికి నేనే కట్టు మార్చాను. పుండు లోపల కొత్త కండ చక్కగా వస్తోంది. అంచులు దగ్గరపడుతున్నాయి. సోమవారం పొద్దుటికి ఆ అంచులు మాడిపోయాయట. చెడిపోయే పుండు ముందు వాసనేస్తుంది. చీము పడుతుంది. ఇలా ఒక్కసారిగా మాడదు.”

“మీ మందులో ఏముంది?”

“కలబంద గుజ్జు, గడ్డిచేమంతి ఆకు, వేపాకు, పసుపు.”

“అంతేనా?”

“మందు అంతే. వైద్యం అంతే కాదు. షుగరు అదుపులో ఉండాలి, ఇన్సులిన్ మానకూడదు, పుండు రోజూ శుభ్రం చేయాలి, ఆ కాలి మీద బరువు పడకూడదు. ఇవన్నీ జరిగితేనే నా ఆకు ఏదో సాయం చేస్తుంది. ఆకొక్కటే మాన్పేస్తుందని నేనెవరికీ చెప్పలేదండి. అలా చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ గుమ్మం ముందు జనం ఇవాళ కూడా కిటకిటలాడుతున్నారు.”

మార్టిన్‌కి ఆ విసురు నచ్చింది. భయపడ్డ మనిషి ఇలా మాట్లాడదు. అయితే తప్పు చేశానని తెలియని మనిషి కూడా ఇలాగే మాట్లాడుతుంది. అందుకే తరవాతి ప్రశ్నకు వెళ్ళాడు.

“కాలు మాడుతుంటే మూర్తిగారు అరవలేదా?”

“ఆయనకు తెలిస్తే కదా! షుగరు వల్ల అరికాళ్ళలో స్పర్శ పోయింది. అసలీ పుండు ఎలా వచ్చిందనుకున్నారు? చెప్పులోకి మేకు దిగింది. పొద్దున దిగిన మేకు సాయంత్రం చెప్పు విప్పాక కంటపడింది. అందుకే మెత్తటి చెప్పులు చేయించి, మంచం దిగితే కాళ్ళకు అవి ఉండాలని ఒట్టు వేయించుకున్నాను.”

“ఒట్టు నిలబెట్టుకున్నారా?”

“నిలబెట్టుకున్నారనే వాళ్ళావిడ పుష్పావతిగారు చెప్పారు. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు.”

ఆ మాట మార్టిన్ కూడా ఒప్పుకుంటాడు. ఈ పని అతనికి అప్పజెప్పింది ఆ పుష్పావతే. నూజివీడులో పేరున్న మామిడి వ్యాపారి సత్యనారాయణమూర్తి భార్య. ఆవిడ బెజవాడలో మార్టిన్ డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే విషయం చెప్పేసింది. “ఈ మందు వేయిద్దామని ఆయన్ని బలవంతపెట్టింది నేనండి. ఇప్పుడు మా అబ్బాయి నా మొహం చూడడం లేదు. ఆయన కాలు నా వల్ల పోతోందో, ఇంకెందువల్ల పోతోందో నాకు తెలియాలి. నా వల్లే అయితే దాచకుండా చెప్పండి.”

మూర్తిని చేర్చిన బెజవాడ ఆసుపత్రిలో సర్జన్ ఇవాళ సాయంత్రం దాకా చూస్తానంది. కుళ్ళు మోకాలి వైపు ఎక్కుతున్నట్టుంటే కాలు తీసెయ్యడమే. అదే సాయంత్రం కొడుకు మనోజ్ సింధూర మీద కేసు పెట్టబోతున్నాడు. సాక్ష్యాలు కూడగట్టడానికి అతను కూడా ఒక డిటెక్టివ్‌ని పెట్టుకున్నాడు.

ఆ డిటెక్టివ్ ఎవరో తెలిశాకే మార్టిన్ భోజనం మానేసి బయలుదేరాడు.

*

“రండి గురువుగారూ, రండి! ఆకులు కోసుకురావడానికి వెళ్ళారటగా?”

నూజివీడులో మూర్తిగారి మామిడి షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న కృష్ణకాంత్ లేవకుండానే పలకరించాడు. ఒకప్పుడు మార్టిన్ దగ్గరే పని నేర్చుకున్నాడు. బయటికి వెళ్ళి సొంత దుకాణం పెట్టాడు. కళ్ళజోడు మాత్రం మార్టిన్ కంటే ఖరీదైనది పెడతాడు.

“కోసుకొచ్చాను. నీకూ కాస్త తెమ్మంటావా? కళ్ళకు మంచిదట,” అన్నాడు మార్టిన్.

“నా కళ్ళు బాగానే ఉన్నాయి. చూడవలసింది చూశాను.” కృష్ణకాంత్ బ్యాగులోంచి సీలు వేసిన ప్లాస్టిక్ కవరు తీసి పైకెత్తి పట్టుకున్నాడు. లోపల మడత పెట్టిన కట్టు. “అసలు సరుకు. ఫొటో కాదు. చూపిస్తాను, ముట్టుకోనివ్వను.”

మార్టిన్ కవరు దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. కట్టు ఎండి అట్టకట్టింది. రంగు మాత్రం నిగనిగలాడుతోంది.

“ఇది ఎప్పటిది?”

“సోమవారం పొద్దుట విప్పింది. మనోజ్ గారే దాచి ఉంచారు.”

“ఇవాళ శుక్రవారం. నా దగ్గర చేరినప్పుడు నీకు మొట్టమొదట చూపించిన కేసు గుర్తుందా? లారీ క్లీనరు చొక్కా.”

“గుర్తుంది. అయితే?”

“ఆ చొక్కా మీద రక్తం ఏ రంగులో ఉంది?”

ఎండిన రక్తం మర్నాటికే నల్లబడి మట్టిరంగుకు తిరుగుతుందని కృష్ణకాంత్‌కి నేర్పినవాడే ఎదురుగా నిలబడ్డాడు. శిష్యుడు కవరు మళ్ళీ బ్యాగులో పెట్టాడు గాని, ఈసారి పెట్టేముందు తనూ ఒకసారి పరకాయించి చూశాడు.

“ఏదైనా ల్యాబ్ తేలుస్తుంది లెండి,” అన్నాడు.

“తేలుస్తుంది. అప్పటికి మనిషికి ఒక కాలు తక్కువ ఉంటుంది.”

అప్పుడే షెడ్డులోంచి మనోజ్ వచ్చాడు. ముప్పై దాటని మనిషి. నాలుగు రోజులుగా గడ్డం గీసుకోలేదు, నిద్ర కూడా పోయినట్టు లేడు. వెనకే వచ్చిన తల్లి వైపు చూడకుండా మార్టిన్ ముందు నిలబడ్డాడు.

“మా అమ్మ మాట మీద వచ్చారు కాబట్టి రానిచ్చానండి. చూసుకుని వెళ్ళిపోండి. ఆవిడ కళ్ళు మూసుకుని ఆ డాక్టర్ని నమ్మింది. మా నాన్న కాలు మాడింది. దీంట్లో పరిశోధించడానికి ఏముందో నాకు తెలీదు.”

“ఒరేయ్ మనోజ్,” అంది పుష్పావతి మెల్లగా.

“నువ్వు మాట్లాడకమ్మా. ప్లీజ్.”

మార్టిన్ ఆ మాటల్ని అలా గాలికి వదిలేసి అడిగాడు. “సోమవారం పొద్దున మూర్తిగారు ఎక్కడెక్కడికి వెళ్ళారు?”

“ఎక్కడికీ వెళ్ళలేదు. ఇంటి నుంచి కార్లో ఇక్కడికి, ఇక్కణ్ణుంచి కార్లో ఇంటికి. ఆ మెత్తటి చెప్పులతోనే.”

“ఇక్కడేం చేశారు?”

“రోజూ చేసేదే. మాగేసే గదిలో దేవుడికి అగరొత్తులు వెలిగించడం. సీజన్ మొదలైతే ఆయన అది మానరు.”

మార్టిన్ షెడ్డు చివరనున్న గది వైపు చూశాడు. గుమ్మం మీద ‘ఇచ్చట గడ్డిలో మాగిన పండ్లు మాత్రమే’ అని పచ్చ రంగుతో రాసి ఉంది. గుమ్మం పక్కన నీళ్ళ కుళాయి. గోడ వారగా నాలుగైదు జతల చెప్పులు వరసగా ఉన్నాయి. కూలీలవి.

“అమ్మా, పొద్దున ఆయన ఏం చేస్తారో మీరు నాకు అచ్చంగా చేసి చూపించాలి. ఏదీ వదలకుండా. ఏదీ కలపకుండా.”

పుష్పావతి తలూపి, గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు విడిచింది. కుళాయి తిప్పి పాదాలు కడుక్కుంది. శుక్రవారం కావడంతో పొద్దున్నే పసుపు రాసుకుంది. నీళ్ళు పడ్డా ఆ పచ్చదనం పోలేదు.

“ఆగండమ్మా,” అన్నాడు మార్టిన్. “మూర్తిగారు కూడా ఇక్కడ చెప్పులు విడుస్తారా?”

ఆవిడ అదేం ప్రశ్న అన్నట్టు చూసింది. “సరుకున్న గదిలోకి చెప్పులతో ఎలా వెళ్తారండి? లక్ష్మి కదా. మా మామగారి నాటి నుంచీ కాళ్ళు కడుక్కునే లోపలికి వెళ్తాం.”

“డాక్టరుగారికి ఒట్టు వేశారు కదా, మంచం దిగితే చెప్పులు ఉంటాయని?”

“ఉంటాయండి. ఇంట్లో కూడా విప్పడం లేదు. ఇది... ఇది నడవడం కాదు కదండీ. దణ్ణం పెట్టుకుని రావడమే.” ఆ మాట అంటుండగానే పుష్పావతి గొంతు సన్నగిల్లింది. గుళ్ళోకి వెళ్ళడాన్ని ఎవరూ నడక లెక్కలో వేయరు. డాక్టరు అడిగినప్పుడు కూడా ఆవిడకు ఈ గుమ్మం గుర్తు రాలేదు.

“పుండు ఉన్న కాలిని కూడా కడిగేవారా?”

“కట్టు మీద కాసిని నీళ్ళు చల్లుకునేవారు. శాస్త్రానికి.”

మార్టిన్ కూడా బూట్లు విప్పి మేజోళ్ళతో లోపల అడుగుపెట్టాడు. కృష్ణకాంత్ గుమ్మంలో నిలబడి చేతులు కట్టుకున్నాడు. నిన్న తనూ ఈ గది చూశాడు. ఏమీ దొరకలేదు.

గదిలో వరసలుగా ట్రేలు, ట్రేల మీద వరిగడ్డి, గడ్డిలో బంగినపల్లి కాయలు. ఎదుటి గోడకు లక్ష్మీదేవి పటం. పుష్పావతి ట్రేల మధ్య సందులోంచి వెళ్ళి పటానికి దణ్ణం పెట్టి, మొదటి ట్రేని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. వెనక్కి తిరిగి బయటికి వెళ్ళింది. అంతే.

మార్టిన్ రెండు సార్లు గట్టిగా గాలి పీల్చాడు. పండే మామిడి వాసన ఉంది. ఎండు గడ్డి వాసన ఉంది. వాటి వెనక ఇంకొకటి ఉంది.

“మనోజ్ గారూ, ఇక్కడ వెల్లుల్లి ఎవరు వాడతారు?”

“కూలీలు పచ్చళ్ళు తెచ్చుకుంటారు,” అన్నాడు మనోజ్. చాలా తొందరగా అన్నాడు.

“లోపల కూర్చునే తింటారా? లక్ష్మి ముందు?”

మనోజ్ జవాబు చెప్పేలోగా బయట నుంచి పుష్పావతి కేక వినిపించింది. పెద్ద కేక కాదు. చేతిలోంచి గిన్నె జారితే వేసేలాంటిది.

అందరూ బయటికి వచ్చారు. తెల్లటి సిమెంటు అరుగు మీద, గది గుమ్మం నుంచి చెప్పుల దాకా, ఎర్రటి అడుగులు. పుష్పావతి తన పాదాల వంక చూసుకుంటోంది. పసుపు పోయింది. పెళ్ళికూతురి కాళ్ళకు పారాణి పెట్టినట్టు మడమల చుట్టూ ఎర్రగా ఉంది.

“మంటగా ఉందండి,” అంది.

“ముందు కడుక్కోండి. బాగా. నీళ్ళు పోస్తూనే ఉండండి.” మార్టిన్ కుళాయి పూర్తిగా తిప్పి ఆవిడను అక్కడ నిలబెట్టాడు. తన మేజోళ్ళు విప్పి అడుగు భాగం తిప్పి చూశాడు. బూడిదరంగు పొడి.

నీళ్ళ కింద కాళ్ళు ఉంచుతూనే పుష్పావతి అంది: “దిష్టి నీళ్ళు కలిపితే ఇదే రంగు వస్తుంది కదండీ. పసుపూ సున్నమూ.” అని ఆగిపోయింది. “కానీ ఇక్కడ సున్నం ఎక్కడిది? మేం గోడలకు వేయించి ఏళ్ళయింది.”

మార్టిన్ ట్రేలోంచి ఒక పచ్చికాయ తీసుకుని, జేబులోని చాకుతో చెక్క కోశాడు. అరుగు మీద ఒక అడుగు గుర్తును ఆ పుల్లటి చెక్కతో రుద్దాడు. రుద్దిన మేర ఎరుపు విరిగి మళ్ళీ పసుపు తేలింది.

“పులుపు తగిలితే సున్నం చచ్చిపోతుంది,” అన్నాడు. “రక్తమైతే మామిడికాయకు భయపడదు.”

కృష్ణకాంత్ బ్యాగులోంచి కవరు తీసి దాని సీలు తానే చింపాడు. మార్టిన్ చేతిలోని మామిడి చెక్క అడిగి తీసుకుని, కట్టు కొసను రుద్దాడు. చూసి, దాన్ని మనోజ్ కళ్ళ ముందు పెట్టాడు. అంచు పసుపుపచ్చగా మెరుస్తోంది.

“మనోజ్ గారూ, నన్ను పెట్టుకున్నప్పుడు మీరు నా దగ్గర ఏం దాచారు?”

“ఏంటండి మీరు కూడా?”

“గురువుగారితో నాకు లక్ష గొడవలున్నాయి. కానీ రక్తం కాని దాన్ని రక్తమని రాసి సంతకం పెట్టబోయింది నేను. ఆ ఫొటో తీసి పంచింది కూడా నేనే. ఆ గదిలో ఏముంది?”

మనోజ్ తల్లి వంక చూశాడు. ఆవిడ నీళ్ళలో నిలబడి అతని వంకే చూస్తోంది.

“కార్బైడ్,” అన్నాడు.

ఒక్కసారి నోటివెంట వచ్చాక మిగతాది దానంతటదే వచ్చింది. గడ్డిలో మాగాలంటే వారం. బయటి మార్కెట్టు వాళ్ళు తొలి కాయ రెండు రోజుల్లో పండాలంటారు. గవర్నమెంటు వద్దన్నదని తెలుసు. నాన్న ప్రాణం పోయినా ఒప్పుకోడని కూడా తెలుసు. అందుకే కాగితంలో పొట్లాలు కట్టి, ట్రేల అడుగున, గడ్డి కింద పెట్టేవాడు. కాయలు పండాక తెల్లారేలోగా తీసేసేవాడు. డిటెక్టివ్ వస్తాడనగానే ఉన్నవన్నీ తీసేశాడు.

“పొట్లాలు తీశారు. రాలిన పొడి తుడవలేదు,” అన్నాడు మార్టిన్. “కార్బైడ్‌కి తడి తగిలితే వేడి పుడుతుంది. గ్యాసు పోయి సున్నం మిగులుతుంది. మీ వెల్లుల్లి వాసన ఆ గ్యాసుదే. మీ నాన్నగారు తడి కట్టుతో దాన్ని తొక్కారు. ఆదివారం మీరు కొత్త సరుకు దింపి ఉంటారు. అప్పటి పొడి తాజాది, సున్నం అయిపోనిది. అది పుండులోకి వెళ్ళి అక్కడే ఉడికింది. స్పర్శ లేని కాలు. ఆయనకేం తెలుస్తుంది?”

మనోజ్ అరుగు మీద కూలబడ్డాడు. “నేనా?” అన్నాడు. ఎవర్నీ అడగలేదు.

పుష్పావతి కుళాయి కట్టేసింది. నాలుగు రోజులుగా ఆవిడ మోస్తున్న బరువు దిగిపోయిందని ఆ మొహం చూస్తే ఎవరూ అనుకోరు. దిగిన బరువు వెళ్ళి కొడుకు మీద కూర్చుంది.

“మందు వల్ల కాదు,” అంది ఆవిడ.

“కాదమ్మా. ఆ మందులో పసుపు లేకపోతే మనకీ సంగతి తెలిసేది కూడా కాదు.”

“అయితే పెద్ద డాక్టరుగారికి చెప్పండి. తొందరగా చెప్పండి.”

*

సర్జన్ కీర్తిప్రియ ఫోన్ ఎత్తింది. మార్టిన్ చెప్పింది అడ్డు రాకుండా వింది.

“సున్నం వల్ల కాలినదైతే కాలినంత మేరకే చెడుతుంది,” అంది. “కడిగి, చచ్చిన చర్మం తీసి, ఆగి చూస్తాను. కాలు తీసే మాట ఇవాళ ఎత్తను. కానీ మార్టిన్ గారూ, నాకొకటి అర్థం కావడం లేదు. చేరిన రోజే పేషెంటును అడిగాను. సున్నం, యాసిడ్, ఇంకేదైనా తొక్కారా అని మళ్ళీ మళ్ళీ అడిగాను. లేదన్నారు. ఇవాళ పొద్దున ఆయనే, ఎందుకు నాన్చుతారు, కాలు తీసేయండి అన్నారు.”

“ఆయనే అన్నారా?”

“ఆయనే. కాగితం మీద సంతకం కూడా చేసేశారు. మీరు చెప్పేది ఆయన కాదంటే నేను దేన్ని పట్టుకోవాలి?”

మార్టిన్ ఫోన్ చెవి దగ్గర నుంచి కొంచెం తీసి, అరుగు మీద అడుగుల వైపు చూశాడు. గుమ్మం ఎదురుగా తెల్లటి సిమెంటు. బయటికి వచ్చిన మనిషి గదికి తాళం వేయాలంటే వెనక్కి తిరగాలి. తిరిగితే ఈ అడుగులు కనబడి తీరాలి.

“అమ్మా, సోమవారం ఈ అరుగు మీద ఎర్రటి అడుగులు ఎవరైనా చూశారా? కూలీలు ఏమైనా అన్నారా?”

“లేదండి.”

“తుడిచిన గుడ్డ ఏదైనా?”

పుష్పావతి ఆలోచించింది. “ఆయన కండువా ఎర్రగా ఉంది. పసుపు మరకకు సబ్బు తగిలినా ఎర్రబడుతుంది కదా, అదేననుకుని ఉతికేశాను.”

“డాక్టరుగారూ,” అన్నాడు మార్టిన్ ఫోన్‌లో, “ఆయన దగ్గరికి వెళ్ళి ఫోన్ ఆయన చేతికివ్వండి. వాళ్ళావిడ మాట్లాడతారు.”

స్పీకరు పెట్టి ఫోన్ పుష్పావతికి అందించాడు. కాసేపు ఆసుపత్రి చప్పుళ్ళు వినిపించాయి. ఆ తరవాత మూర్తిగారి గొంతు, నీరసంగా.

“పుష్పా?”

“ఏవండీ, గదిలో పొడి దొరికింది. మీ కాలు కాల్చింది అదే. డాక్టరుగారికి ఒక్క మాట చెప్పండి, కాలు దక్కుతుంది.”

“గదిలో ఏ పొడీ లేదు.”

“నా కాళ్ళు కూడా ఎర్రబడ్డాయండి. ఇప్పుడే.”

“నువ్వెందుకు వెళ్ళావు? కాలిందా? కడుక్కున్నావా?” అన్నాడు ఆయన. గొంతులో నీరసం ఎగిరిపోయింది.

“కడుక్కున్నాను. మీరెందుకు కడుక్కోలేదు?”

“మనోజ్ అక్కడున్నాడా?”

పుష్పావతి కొడుకు వంక చూసింది. అతను అరుగు మీద నుంచి కదలలేదు. జీవితంలో భర్తతో ఆడిన అబద్ధాలు వేళ్ళ మీద కూడా లెక్కకు రాని మనిషి, తడబడకుండా అంది.

“లేడండి.”

“అయితే విను. తాళం వేద్దామని తిరిగేసరికి నా అడుగులు ఎర్రగా కనబడ్డాయి. గడ్డి ఎత్తి చూశాను. పొట్లాలు. ఎవరు పెట్టారో నాకు వేరే చెప్పాలా? కండువాతో తుడిచి తలుపు వేసి వచ్చేశాను. ఇంటికొచ్చి కట్టు విప్పితే మాడిపోయి ఉంది. నేను నోరు విప్పితే ఆ గదికి ఆఫీసర్లొస్తారు. వాణ్ణి తీసుకుపోతారు. పెళ్ళి కావలసినవాడు. నాకు అరవై నిండాయి, ఈ కాలితో నడవవలసినంతా నడిచేశాను. పోనీ.”

“ఆ డాక్టరమ్మ సంగతి?”

ఆయన ఆ మాట దాటేశాడు. “నువ్వు మాత్రం వాడికి చెప్పకు పుష్పా. తన వల్లని తెలిస్తే వాడు బతకలేడు.”

మనోజ్ లేచాడు. కృష్ణకాంత్ అతని భుజం పట్టుకుని చెవిలో అన్నాడు, “ఆగండి. ఆ ఫోన్‌లో మీరు ఏది మాట్లాడినా రేపు మీ మీదికే వస్తుంది. లాయర్ని అడిగి...”

మనోజ్ ఆ చెయ్యి తీసేశాడు. తల్లి దగ్గరికి వెళ్ళి, ఫోన్ లాక్కోకుండా, ఆమె చేతితో పాటే పట్టుకుని తన నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

“నాన్నా, నేనిక్కడే ఉన్నాను. ఫోన్ డాక్టరుగారికివ్వు.”